ఇక్కడ ఏడుపు

బేగంపేట నాలా పొంగి మా బస్తీలో మంచాలు తేలిన ఏడు అది. నీళ్లు వచ్చింది శ్రావణంలో. నేను చెప్పే ఈ గంట మార్గశిరంలో, పంజాగుట్టలో ఒక చల్లటి హాలులో, వెనక వరసలో, మెత్తటి కుర్చీ మీద నన్ను కూర్చోబెట్టి గడిచింది. ఎదుట గోడ మీద ఎర్ర గీత ఒకటి వెలుగుతోంది. ఎడమ నుంచి కుడికి మెల్లగా ఎక్కుతూ, ఒకచోట కాస్త తగ్గి మళ్లీ ఎక్కుతూ, అట్లా పోయి పోయి, ఇంకాస్త పోతే చివర అనగా బావిలో పడ్డట్టు దబ్బున కిందికి పడింది. గీత పక్కన మంజూషమ్మ నిలబడి ఉంది, ఒక చేతిలో సన్న కర్ర, ఇంకో చెయ్యి నడుము మీద. ఏడో నెల. కర్రతో ఆ బావిని చూపించి, నా పరిశోధనకు ప్రాణం ఇక్కడుంది అంది. ఆ బావి తవ్వింది నేను.

ఆమె రాజమండ్రి వైపు పిల్ల, ఎర్రమంజిల్‌లో కాపురం, డాక్టరేటు చదువు. మూడొందల ఏళ్ల కిందటి ఆటలు పోగేసింది, దక్షిణాన రాజుల కొలువుల్లో ఆడినవి, మా తెలంగాణ పల్లెల్లో మేళాలు కట్టి మేము ఆడినవి. భర్త దుర్గేష్ అమీర్‌పేటలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. ఇద్దరూ కలిసి ఆ ఆటలను మిషన్‌లోకి ఎక్కించారు. మిషన్ ఒక్కో మాటనూ ఏరి గంపలో వేస్తుందట, ఇది ఏడుపు మాట, ఇది కోపం మాట, ఇది నవ్వు మాట అని, తర్వాత ఏ రంగంలో ఏ గంప ఎంత నిండిందో గీత గీసి చూపిస్తుందట. ఇంకో పని కూడా చేస్తుంది. రాసినవాడి పేరు తెలియని ఆట ఇస్తే, అందులో అని, మరి, కదా, అంతట లాంటి చిన్న మాటలు ఎంత తరచుగా పడుతున్నాయో చూసి ఇది ఫలానా చెయ్యి అంటుంది. పెద్ద మాటలు ఎవడైనా ఎత్తుకొస్తాడు తాతా, చిన్న మాటలు మాత్రం ఎవరివి వాళ్లవే, అని దుర్గేష్ చెప్పినప్పుడు నాకు నచ్చింది. చీకట్లో నడక చప్పుడు విని మనిషిని పోల్చుకున్నట్టు. నేను బడికి పోయింది మూడేళ్లే అయినా ఆ ముక్క అర్థమైంది. ఇప్పుడు గోడ మీద ఉన్న గీత కూడా అర్థమైంది, అదే వచ్చిన తిప్పలు. అర్థం కాకపోతే శాలువా కప్పించుకుని, చాయ్ తాగి, ఇంటికి పోయేవాణ్ని.

శాలువా సంగతి జావేద్ పొద్దుటి నుంచి చెబుతూనే ఉన్నాడు. నేనుండే గది బాబూ మియాది, జావేద్ ఆయన కొడుకు, దుర్గేష్ దగ్గరే పని. మా ఇంట్లో ఒక ముసలాయన ఉన్నాడు, మేళంలో రాణి వేషం కట్టేవాడు అని వాళ్లకు చెప్పింది వాడే. ఆటోలో ఎక్కించుకుంటూ, "నువ్వు ఒక్క మాట సుత మాట్లాడే పని లేదు తాతా, ఎట్లాగూ మాట్లాడవు కద, నీకు మస్తు సులువుగ ఉంటది" అని నవ్వాడు. ఇప్పుడు నా పక్కనే కూర్చుని గీతను చూసి తల ఊపుతున్నాడు, వాళ్ల మిషన్ గీసింది కదా. చల్లగాలి నెత్తి మీద నుంచి పడుతోంది. ముందు వరసలో కోటు వేసుకున్న పెద్దాయన రామ్మోహనరావు గారు, ఆయన సంతకం పెడితేనే ఈ పిల్లకు డిగ్రీ వచ్చేది, నోటికి వేలు అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. ఆ వేలు ఎప్పుడు తీస్తాడో అని నేను దాన్నే చూస్తున్నాను. మంజూషమ్మ చెబుతోంది, మామూలు కవి అయితే బిడ్డ పోయిన చోట గంపలకొద్దీ ఏడుపు మాటలు పోస్తాడు, పగడాలదేవి ఆట రాసిన ఈ పేరులేని కవి మాత్రం రాణిని ఏటి ఒడ్డున కూర్చోబెట్టి, ఇక్కడ ఏడుపు అని రెండే మాటలు రాసి ఊరుకున్నాడు, దుఃఖం ముదిరిన చోట మౌనం పాటించాడు, మన నాటకంలో ఇంత పాత కాలంలో ఇట్లా చేసినవాడు లేడు. హాలులో ఎవరో మెచ్చుకోలుగా గొంతు సవరించారు. ఇక్కడ ఏడుపు. అది కవి మాట కాదు తల్లీ, నా మాట.

నీళ్లు తీసిన వారానికి వచ్చారు వాళ్లిద్దరూ మా గదికి. గోడ మీద బురద మరక నడుము దాకా ఉంది, మూలన నా వేషం పెట్టె తడిసి ఉబ్బి మూత పడటం లేదు. ఆట రాసిన పాత కాగితాలు ఎవరి దగ్గరో దొరికాయట, చివరి భాగం చెదలు తినేసింది, మిగతాది నోటికి వచ్చినవాడు లోకంలో నేనొక్కణ్నే మిగిలాను. టేప్ రికార్డర్ చాప మీద పెట్టి, చెప్పండి తాతగారూ అంది. చెబుతున్నాను. బాబూ మియా ఇంట్లోంచి ఉల్లిగడ్డ తాలింపు వాసన వచ్చింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయింది, నాలా గోడ దగ్గర వంగింది, మళ్లీ వచ్చి ఏం లేదన్నట్టు కూర్చుంది. ముఖం పాలిపోయినా కళ్లలో ఒక తడి మెరుపు. దుర్గేష్‌కు కూడా అప్పటికి తెలుసో లేదో. నాకు తెలిసింది. ఆట సరిగ్గా ఏటి ఒడ్డుకు వచ్చింది, రాణి నీళ్లలోకి చూసింది, కూర్చుంది, నా గొంతులోకి ఆ మొదటి మాట వచ్చింది. మింగేశాను. సాధన చేసేటప్పుడు మా మేళంలో ఎట్లా అంటామో అట్లాగే, ఇక్కడ ఏడుపు, అని తర్వాతి రంగంలోకి పోయాను. రాజు వచ్చాడు, దూత వచ్చాడు, మంగళం పాడి ముగించాను. ఆమె రెండు చేతులూ జోడించి దండం పెట్టింది.

ఆ ఏడుపును ఒట్టి ముఖంతో పాడకూడదు. ముఖానికి అర్దళం రంగు రాసి, బొట్టు కాటుక పెట్టి, కొంగు కట్టుకుంటే ఏడ్చేది రాణి. రాణి ఏడుపు ఆటతో పాటు మంగళంలో పోతుంది. ముఖం ఒట్టిగా ఉంటే ఏడ్చేది మనిషి, అది ఎక్కడికీ పోదు, వినే ఇంటిని పట్టుకుంటుంది. మా గురువు చెప్పాడు, ఆయనకు ఆయన గురువు చెప్పాడు. ముఖం వేసుకున్నా సరే, చూలాళ్లు వినకూడదు. అందుకని ఆ రంగం దగ్గర పడుతుండగా మా హాస్యగాడు సారయ్య గంతులు వేసుకుంటూ ఆడవాళ్ల వైపు పోయేవాడు. "అవ్వలార, చావిడికాడ పుట్నాలు పంచుతుండ్రు, కడుపుల ఇంకొకడున్నోళ్లకు రెండు పిడికిళ్లు" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు, చూలాళ్లు సిగ్గుపడుతూ లేచేవాళ్లు, నిజంగానే అక్కడ ఒక ముసలమ్మ పుట్నాల గంపతో కూర్చుని ఉండేది. భయపెట్టి పంపడం మా పద్ధతి కాదు. నవ్వించి పంపాలి. ఎందుకు పంపుతున్నామో నోటితో చెబితే సగం పాడినట్టే.

ఈ హాలులో పుట్నాలు ఎవరు పంచుతారు. సారయ్య పోయి ఎన్నాళ్లో అయింది. కిటికీ అద్దం అవతల పంజాగుట్ట చౌరస్తా చప్పుడు లేకుండా కదులుతోంది, బస్సులు, స్కూటర్లు, చంకలో ఫైళ్లు పెట్టుకుని అమీర్‌పేట వైపు పరుగెత్తే పిల్లలు, ఆ పరుగు చూస్తే ఈ ఊళ్లో ఒక్క రోజు ఆలస్యమైతే బతుకు దాటిపోతుందేమో అనిపిస్తుంది. ఈ పిల్లది కూడా అదే పరుగు. పురుడు రాకముందే పని ఒడ్డుకు చేరాలని మొన్న అంది. నీళ్లు తాగింది, మళ్లీ చెప్పింది. నేను ఊరుకుంటే ఏమవుతుంది. ఏమీ కాదు. సంతకం పడుతుంది, పుస్తకం అవుతుంది, లేని మౌనం ఒకటి ఆ కవి పేరు మీద, పేరు కూడా లేనివాడి మీద, అచ్చులో ఉండిపోతుంది. తర్వాత ఏనాడో ఇంకో మేళం వాడి మనవడు ఎవడో, మా తాత పాడిన ఏడుపు ఉండాలె కద అంటాడు, అప్పుడు ఈమె ముఖం ఎక్కడ పెట్టుకుంటుంది. నేను చెబితే ఏమవుతుంది. ఇప్పుడే పోతుంది పరువు, ఇంతమంది ముందు. చెప్పినవాణ్ని పాడమంటారు. పాడితే ఆమె నాకు ఎదురుగా ఉంది, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని.

అనుకోగానే ఆ మొదటి మాట మళ్లీ గొంతులోకి వచ్చింది. దాన్ని తలవను. మనసులో కూడా తిప్పను. ఫ్యాన్లు చూశాను, ఫ్యాన్లు లేవు. ముందున్నాయన మెడ వెనక వెంట్రుకలు చూశాను. బీడీలు తలుచుకున్నాను. ఆట ఎట్లా నడుస్తోందో తెలుసుకోవడానికి సారయ్య తెర పక్కనుంచి తొంగి చూసి బీడీ నిప్పులు చూసేవాడు. మనసు ఆట మీద లేనివాడు బీడీ ముట్టిస్తాడు. యుద్ధం రంగంలో చీకట్లో మిణుగురుల్లా బీడీలే బీడీలు, రాజు పద్యం సాగదీస్తే ఇంకా ఎక్కువ. నా రంగంలో మాత్రం ఒక్క నిప్పూ ఉండేది కాదు, అంతా నల్లగా ఉండేది, ఆ నలుపులోకి నేను పాడేవాణ్ని. అదీ ఒక గీతే కదా. సారయ్య గీత, ఈ పిల్లల గీత. ఆ నలుపులో ఒకసారి గొంగడి కప్పుకుని మగవాళ్ల మధ్య రాజమ్మ కూర్చుంది. రాజమ్మ నా భార్య. తొలిచూలు. పుట్నాలు కొంగున కట్టుకుని వెనక నుంచి తిరిగొచ్చింది, నా మొగుడు రాణి అయితే ఎట్లుంటడో ఊరంతా చూసింది, నేనే చూడలేదని. నాకు తెలియదు. తెల్లారి తనే చెప్పింది, మస్తు ఏడిపిచ్చినవయ్యా అని నవ్వుతూ. ఆ బిడ్డ నిలవలేదు. దీనికీ దానికీ సంబంధం ఉందని నేను ఎవరితోనూ అనలేదు. లేదని కూడా అనలేను.

రామ్మోహనరావు గారు వేలు తీశాడు. చాలా బాగుందమ్మా అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. ఒక్క చిన్న సంగతి అన్నాడు. నా వీపు కుర్చీకి అంటుకుపోయింది. గొంతు మెత్తగా ఉంది ఆయనది, మెత్తటి గొంతుకే నేను భయపడతాను. మిగతా ఆటల్లో గీత తగ్గినా కొంచెమే తగ్గింది, దీంట్లో ఇంత లోతు ఎందుకు ఉంది, ఇది ఆటలోనే ఉన్న లోటా, మీకు దొరికిన పాఠంలో వచ్చిన లోటా, రూఢి చేసుకున్నారా అని అడిగాడు. మంజూషమ్మ జంకలేదు. ఆ భాగం నోటి పాఠమండీ, చెప్పినాయన ఇక్కడే ఉన్నారు అని, నవ్వుతూ, నా వైపు తిరిగింది. ఆమెతో పాటు హాలంతా తిరిగింది. కుర్చీలు కిర్రుమన్నాయి.

"తాతగారూ, రాణి ఒడ్డున కూర్చున్నాక ఇంకేమైనా ఉందాండి? మీరు చెప్పిందే కదా మొత్తం?"

అవునంటే అయిపోయేది. తల ఊపినా చాలు. ఆమె కళ్లలో అడుగుతున్నట్టు కూడా లేదు, అయిపోయిన మాటను ఒకసారి అందరికీ వినిపిస్తున్నట్టు ఉంది. అంత నమ్మకంగా చూసే మనిషికి అబద్ధం ఎట్లా చెప్పాలో నాకు రాణి వేషంలో తెలుసు, ఒట్టి ముఖంతో తెలియదు.

"ఉన్నదమ్మా" అన్నాను.

ఏముంది అన్నట్టు ఆమె పెదవులు కదిలాయి. నేనే చెప్పాను. "ఏడుపు. పెద్దది. ఆనాడు నేను చెప్పలే."

ఎవరో నవ్వారు. నవ్వు వెంటనే ఆగిపోయింది, అది ఇంకా పాడు. మంజూషమ్మ కర్ర బల్ల మీద పెట్టింది. రామ్మోహనరావు గారు, మంచిదే కదండీ, మీరే వచ్చారు, ఇప్పుడు పాడండి, వింటాం అన్నాడు. పాడను అన్నాను. ఎందుకని అడిగాడు. నేను నేల చూశాను. కార్పెట్ మీద పువ్వులున్నాయి. చెబితే సగం పాడినట్టే, ఆ సగం కూడా నా నోట రాకూడదు. జావేద్ నా మోచెయ్యి పట్టి లాగుతున్నాడు, చెవి దగ్గర గొణుగుతున్నాడు, "జర పాడు తాతా, మేడమ్ ఇజ్జత్ పోతుంది. నీ కాల్మొక్త." దుర్గేష్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, వాడి ముఖం ఎర్రబడింది. గొంతులో ఆ మొదటి మాట పొర్లుతోంది, దానికి బయటి గాలి తెలిసిపోయింది, ఇంకాసేపు ఉంటే నేను ఆపలేను. లేచి నిలబడ్డాను.

"రేపు పొద్దున పాడుత. ముఖం ఏసుకోని పాడుత. గా అమ్మ మాత్రం రావద్దు."

"నేనెందుకు రాకూడదండీ? నా పని కదా అది" అంది. గొంతు చీరుకుపోయింది. ఆమె గోడ మీదికి బొమ్మ వేసే దీపం మీద పెట్టిన ప్లాస్టిక్ రేకు తీసేసింది, గోడ తెల్లబడింది, ఆ వెలుగులో ఆమె పొట్ట నీడ ఒక్కటే గోడ మీద మిగిలింది. నేను కళ్లు తిప్పుకున్నాను. ఆ తర్వాత ఎవరో వచ్చి నాకు శాలువా కప్పారు, చప్పట్లు అక్కడక్కడా పడ్డాయి. రామ్మోహనరావు గారు ఆమెతో, ఆ భాగం వచ్చాక గీత మళ్లీ గీసి చూపించండి, అంతవరకు నేనేమీ అనలేను అన్నాడు. అంటే సంతకం ఆగింది. చాయ్ దగ్గర ఆమె గోడ వైపు తిరిగి నిలబడి ఉంది, నా వైపు చూడలేదు. చూడకపోవడమే మంచిదనుకున్నాను, మళ్లీ అట్లా అనుకున్నందుకు సిగ్గేసింది.

కింద స్కూటర్ల దగ్గర దుర్గేష్ నన్ను పట్టుకున్నాడు. వాడు ఎప్పుడూ నన్ను తాతా అంటాడు, అప్పుడు అనలేదు. "మూడేళ్ల పని అండీ అది. మీరు ఏం లోపం జరిగిందని ఇలా చేశారు? రావద్దంటారేంటి, తను అంటరానిదా?" అన్నాడు. చుట్టూ చూశాను. ఆమె ఇంకా పైనే ఉంది. మొగుడికి చెప్పొచ్చు, మొగుడు వినొచ్చు, గొంగడి కప్పుకుని వచ్చినా తప్పులేనిది మగవాళ్లకే.

"గా ఏడుపు బిడ్డ పోయిన తల్లిది, బాబూ" అన్నాను. "నాలా పొంగిన యాళ్ల మీరు మా ఇంటికొచ్చిండ్రు. ఉల్లిగడ్డ వాసనకు ఆమె బయటికి పోయింది. నాకు సమజైంది."

ఇలాంటివి నేను నమ్మనండీ అన్నాడు దుర్గేష్. నమ్మమని నేను అనలేదు. స్కూటర్ తన్నాడు, అది అందుకోలేదు, మళ్లీ తన్నాడు. అందుకున్నాక ఎక్కకుండా హ్యాండిల్ పట్టుకుని నిలబడి, నా వైపు చూడకుండా, "రేపు క్లాసులు మొదలవక ముందే రండి" అన్నాడు.

మర్నాడు పొద్దున మైత్రీవనం వెనక వాళ్ల ఇన్‌స్టిట్యూట్‌లో, ముఖం కడుక్కునే తొట్టి పైన అద్దంలో చూసుకుంటూ అర్దళం రాసుకున్నాను. జావేద్ వెనక నిలబడి జోకు వేయబోయి, కాటుక పెట్టేసరికి ఊరుకున్నాడు. చీర చెంగు భుజం మీద కట్టుకుని కంప్యూటర్ల మధ్య నేల మీద కూర్చున్నాను. జావేద్ టేప్ నొక్కాడు. పాడాను. ఎన్నాళ్లుగానో పాడలేదు, ఎక్కడా తడబడలేదు. లేరా నాయనా, బువ్వ చల్లారిపోతోంది. నీళ్లాట చాలు, తల తుడవనీ. మొలతాడు జారిపోతే నవ్వుతావేం, ఇటు రా, కడతాను. నీ గుర్రం బొమ్మ అలిగి పడుకుంది, దాన్ని నువ్వే లేపాలి. అట్లా పోతుంది చాలాసేపు, స్నానం, బువ్వ, ఆట, నిద్ర, మళ్లీ బువ్వ. పాడి ముగించి, మంగళం కూడా పాడాను, అది లేకుండా లేవకూడదు.

దుర్గేష్ టేపు కొంచెం కొంచెం వింటూ టైపు చేశాడు. నడుమ ఒకసారి ఆపి, లేచిపోయి కిటికీ తెరిచి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. తర్వాత మిషన్ నడిపాడు. గీత వచ్చింది. వాడు కళ్లజోడు తీసి తుడుచుకుని ఇంకోసారి నడిపాడు. అదే గీత. ఏడుపు గంప ఖాళీ. వాత్సల్యం గంప పొంగి పొర్లింది, నవ్వు గంపలో కూడా పడ్డాయి కొన్ని.

"తాతా, దీంట్లో ఏడుపు మాట ఒక్కటి కూడా లేదు" అన్నాడు. "చావు లేదు, కన్నీళ్లు లేవు, అయ్యో అని కూడా లేదు."

ముప్పై ఏళ్లు పాడాను. నాకు తెలియదు. మనసులో మళ్లీ మొదటి నుంచి తిప్పుకుని చూశాను, ఇప్పుడు తిప్పొచ్చు కదా. నిజమే, లేదు.

దుర్గేష్ ఇంటికి ఫోన్ చేశాడు. నీ గీత పడింది పడ్డట్టే ఉంది, మౌనం అనకు, వేరే ఏదైనా అను, కానీ కవి ఏడుపు మాట వాడలేదు, అన్నాడు. అవతల ఆమె గబగబా ఏదో అడిగింది, ఏముందో చదవమంటోంది. వాడు తెర వైపు చూశాడు, నా ముఖం వైపు చూశాడు.

"పురుడయ్యాక చదువుకుందువుగాని. ఇప్పుడు వద్దు" అన్నాడు. ఆమె గట్టిగా ఏదో అంది. వాడు బతిమాలలేదు, కారణం చెప్పలేదు, వద్దంతే అని ఫోన్ పెట్టేసి, ఫ్లాపీ తీసి చొక్కా జేబులో వేసుకుని, తెర ఆర్పేశాడు.

నేను లేచి ముఖం కడుక్కోవడానికి పోయాను. మెట్ల మీద క్లాసుకు వచ్చిన పిల్లలు నిండి ఉన్నారు. తొట్టి దాకా దారి ఇచ్చారు.